మధుమేహరోగులకు వైద్యశాలలో జరుగవలసిన పరిచర్య

మధుమేహము గలవారిలో పెక్కురు వైద్యశాలలో చేరుట ఆ వ్యాధికొరకు గాదు. కాలిపుండునకో, జ్వరమునకో, శస్త్రచికిత్సకో చేరుదురు. వచ్చిన రోగమును జూచి, ఉన్న రోగమును మరచుట అట్టివారికి మిక్కిలి ప్రమాదకరము.

1922వ సంవత్సరము జనవరిలో కెనడాదేశమందలి టొరాంటో నగరమున లెనర్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునకు మొట్టమొదట ఇన్సులిను ఈయబడెను. మొదటి మందు శుద్ధము గాకుండుటచే తగిన గుణమీయలేదు. కాలిపు అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసిన పిమ్మట మరల నీయగా రక్తమందలి చక్కెర తగ్గెను. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను. మందు దొరకుట యొకటి, దానిని జాగ్రత్తతో వాడుట యొకటి అని యీ వృత్తాంతమే మనకు నేర్పుచున్నది.

మంచి పరిచర్య యెట్లుండవలెను? రోగి చేరినవెంటనే రక్తమున చక్కెర చూడవలెను. భోజనము చేయువారికి ప్రతి భోజనమునకు ముందును, నిద్రకు ముందును మరల చూడవలెను. సాధారణముగా డెసిలీటరు రక్తమున చక్కెర 180 మిల్లీగ్రాములను మించి నిలువకుండను, 70కి దిగువకు పోకుండను కాపాడవలెను. అరికాళ్లను పుండ్లకొరకు పరిశీలింపవలెను.

ఇన్సులినును భోజనమును జంటగా నడువవలెను. సూదిమందు వేసినపిదప భోజన మాలస్యమైనచో చక్కెర పడిపోవును. చెమట, వణకు, గుండెదడ, మాట తడబాటు దాని గురుతులు. మ్రింగగల రోగికి 15 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి యిచ్చి, 15 నిమిషములైన పిమ్మట మరల పరీక్షింపవలెను. స్పృహలేనివారి నోట నేమియు పోయరాదు; వెంటనే వైద్యుని పిలువవలెను.

మన దేశమున మరియొక చిక్కు గలదు. ఇన్సులిను మిల్లీలీటరునకు 40 యూనిట్లదియు, 100 యూనిట్లదియు దొరకును. వాని సిరంజీలు వేరు. 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల మందును అదే గీతవరకు తీసినచో రెండున్నర రెట్లు మందు పోవును. సీసాపై నంకెను చదువుటలో నొక ప్రాణమున్నది.

రోగిని ఇంటికి పంపుదినమున మందు, ఆహారము, పాదరక్షణము గూర్చి అతనికిని ఇంటివారికిని నేర్పి పంపవలెను. అంతవరకు పరిచర్య పూర్తికాలేదు.

ఇవి వైద్యులకును నర్సులకును మాత్రమే చెందిన సంగతులని మే మనుకొనుట లేదు. తాతగారి పడకచెంత కూర్చున్న విద్యార్థి, "అమ్మా, వీరికి సూదిమందు వేసితిరి, భోజన మింకను రాలేదు" అని నర్సుగారికి వినయముగా జ్ఞాపకము చేసినచో, అదియు గొప్ప సేవయే యని మా మనవి.