వ్యవసాయ కార్మికులలో మోచేతి నొప్పి: కారణాలు, చికిత్స, నివారణ

వరి కోతలు, కలుపుతీత, మందుల పిచికారీ ముమ్మరంగా సాగే రోజులలోనే రైతులను, కూలీలను మోచేతి నొప్పి ఎక్కువగా బాధిస్తుంది. పని మానితే ఆనాటి కూలి పోతుంది. మానకపోతే నొప్పి నెలల తరబడి నిలిచిపోతుంది.

కారణాలు

మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి వెలుపలి ఎముకకు స్నాయుబంధనం ద్వారా అతుక్కొని ఉంటాయి. కొడవలి, పార, గునపం వంటి పనిముట్ల పిడిని గట్టిగా పట్టిన ప్రతిసారీ మణికట్టు వాలిపోకుండా నిలిపేవి ఈ కండరాలే. విరామం లేకుండా ఇదే శ్రమ కొనసాగితే స్నాయుబంధనంలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. అవి మానకముందే తిరిగి భారం పడటం వలన కణజాలం క్షీణిస్తుంది. దీనినే ‘టెన్నిస్ ఎల్బో’ అంటారు. దీని బారిన పడేవారిలో అత్యధికులు టెన్నిస్ ఆడనివారే. 35–55 సంవత్సరాల వయసు వారిలో ఇది అధికం. 16 లీటర్ల చేతి పంపు లీవరును గంటల తరబడి ఆడించడం, మొద్దుబారిన కొడవలితో కోయడం ఈ శ్రమను పెంచుతాయి.

లక్షణాలు

నిండు చెంబు ఎత్తినా, తడిబట్ట పిండినా మోచేతి వెలుపలి వైపు నొప్పి కలుగుతుంది, పట్టు సడలుతుంది. నొప్పి లోపలి వైపు ఉంటే అది ‘గోల్ఫర్స్ ఎల్బో’ కావచ్చు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే నరంపై ఒత్తిడి ఉన్నట్లు అనుమానించాలి.

చికిత్స

నొప్పి కలిగించే పనిని తగ్గించడమే మొదటి చికిత్స. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను 10–15 నిమిషాలు ఉంచడం, మోచేతికి కొద్దిగా దిగువన పట్టీ కట్టుకోవడం ఉపశమనాన్నిస్తాయి. తీవ్రత తగ్గాక, ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి కిందికి ఉండేలా అర కిలో బరువు పట్టుకొని, మణికట్టును నెమ్మదిగా కిందికి దించాలి. రెండవ చేతి సాయంతో తిరిగి పైకి లేపాలి. ఈ వ్యాయామాన్ని కొన్ని వారాలపాటు కొనసాగించాలి. ఏడాదిలోపు అత్యధికులకు శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది.

కోతల సమయంలో త్వరగా పనిలోకి వెళ్ళాలని స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకోవడం మేలు కాదు. కొన్ని వారాలు నొప్పి తగ్గినా, తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

నివారణ

కొడవలిని పదునుగా ఉంచుకోవాలి. సన్నని పిడికి గుడ్డ చుట్టి పట్టుకు అనువుగా చేసుకోవాలి. వీలైనచోట చేతి పంపుకు బదులుగా బ్యాటరీ స్ప్రేయరు వాడాలి. ఒకే పనిని రోజంతా ఒక్కరే చేయకుండా వంతులు మార్చుకోవాలి. బరువులను అరచేయి పైకి ఉండేలా పట్టి ఎత్తాలి.

దెబ్బ తగిలాక చేయి చాపలేకపోయినా, మోచేయి ఎర్రగా వాచి జ్వరం వచ్చినా ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.