పట్టణ పునర్నిర్మాణము - పేటవారి నివాసహక్కు

పాతయింటికి మరమ్మతు చేయించు గృహస్థుడు మొదట ఏమి చేయును? ఇంటిలోని ముసలివారిని, పిల్లలను పని ముగియువఱకు ఏ వసారాలోనో, ఏ పొరుగింటిలోనో ఉంచును. పని ముగిసినపిమ్మట వారిని మరల ఇంటికి తెచ్చుకొనును. ఇల్లు బాగుపడినదిగదా యని ఇంటివారిని వీథిలోనికి వెడలగొట్టి, క్రొత్తవారిని కాపురముంచు గృహస్థుని మనమెవ్వరమును చూచియుండము. కాని పట్టణముల విషయమున ఈ వింత తఱచుగా జరుగుచున్నది. పేట బాగుపడును, పేటవారు మాత్రము అందు కనబడరు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బోస్టను పురాతన నగరము. అచ్చటి పేదపేటలవారు ఈ విషయమున మొదట ఓడిపోయిరి; ఓటమినుండి నేర్చుకొనిరి; పిదప గెలిచిరి. ఆ క్రమమును శ్రోతలకు మనవిచేయదలచినాను.

1949వ సంవత్సరమున ఆ దేశమున గృహనిర్మాణ చట్టమొకటి వెలసినది. ప్రతి కుటుంబమునకును తగిన యిల్లు సమకూర్చుట దాని ఆశయము. దానిననుసరించి నగరపాలకులు శిథిలమైన పేటలను కొని, కూల్చి, ఆ నేలను కట్టడములు కట్టువారికి అమ్మవచ్చును. అందు కలుగు నష్టములో మూడింట రెండువంతులు అప్పుడు కేంద్రప్రభుత్వము భరించుచుండెను. ఒప్పుకొనని సొంతదారుని యొద్దనుండియు, తగిన వెలయిచ్చి, ప్రజాప్రయోజనము పేర భూమిని తీసికొనవచ్చును. 1954లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఈ పద్ధతిని సమర్థించినది.

ఆశయము మంచిదే. చిక్కు ఎచ్చట నున్నది? పేట శిథిలమైనదని నిర్ణయించువారు ఆ పేటలో నివసించువారు కారు. నష్టపరిహారము చేరునది ఇంటి సొంతదారునకు; అద్దెకున్న కుటుంబమునకు దక్కునది చాల స్వల్పము. చౌకయిల్లు పోయిన కుటుంబము అంత చౌకయిల్లు మఱొకటి వెదకికొనలేదు. అద్దెదారులకు సయితము తరలింపు సహాయము ఈయవలెనని దేశమంతటికిని చట్టము వచ్చుసరికి 1970 అయినది. అప్పటికే అనేక నగరములలో అనేక పేటలు నేలమట్టమైనవి.

వానిలో నొకటి బోస్టనులోని వెస్ట్ ఎండ్. ఇటలీనుండియు తూర్పు ఐరోపానుండియు వలసవచ్చిన శ్రమజీవులు అందు కాపురముండిరి. ఇండ్లు ఇఱుకు, వీథులు సన్నము, అద్దెమాత్రము చౌక. 1953లో పేటను కూల్చు ప్లాను వెల్లడియైనప్పుడు, ఇంతమందిని లేవగొట్టుట జరుగునా యని చాలమంది నమ్మనేలేదు. అయిదేండ్లకు నోటీసులు వచ్చినవి. 1960 నాటికి పేట మాసిపోయినది. సుమారు 2,700 కుటుంబములు చెదరిపోయినవి. ఆ నేలపై కలిగినవారి కొఱకు ఎత్తైన మేడలు లేచినవి. కూల్పునకు ముందు అచ్చట నివసించి పరిశీలించిన హెర్బర్ట్ గాన్స్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1962లో గ్రంథము వ్రాసి, అది మురికివాడ కాదనియు, చుట్టములు, స్నేహితులు ఒకరికొకరు ఆసరాగానున్న సజీవమైన పల్లెవంటి పేట యనియు చూపినాడు. గ్రంథము వచ్చినది, పేటమాత్రము తిరిగి రాలేదు. పేటను కాపాడుటకు సంఘమొకటి యుండెనుగాని, దానివెంట నడచినవారు కొలదిమంది.

ఈ కథ నగరమంతయు ఎఱిగినది. కావున సౌత్ ఎండ్ అను పేటకు అదే ఆపద వచ్చినప్పుడు అచ్చటివారు నిద్రపోలేదు. 1968 ఏప్రిలులో, ఇండ్లు కూల్చి కార్లు నిలుపుటకై వాడుచున్న యొక స్థలమున, నల్లజాతి నాయకుడైన మెల్ కింగ్‌తో కలిసి పేటవారు గుడారములు వేసికొని కూర్చుండిరి. పోలీసులు కొందఱిని నిర్బంధించిరి. గుడారములు కొన్నిదినములే నిలిచినవి. కోరిక మాత్రము ఇరువదియేండ్లు నిలిచినది. 1988లో ఆ స్థలముననే 269 ఇండ్ల సముదాయము తెఱవబడినది. అందు నాలుగవవంతు బీదలకు, సగము మధ్యతరగతివారికి; తక్కిన నాలుగవవంతు మాత్రమే బజారు అద్దెకు. గుడారముల నగరము అను పేరే దానికి నిలిచినది.

ఆ సౌత్ ఎండ్‌లోనే పందొమ్మిదవ నంబరు స్థలమున ప్యూర్టోరికో ద్వీపమునుండి వచ్చిన కుటుంబములు నివసించుచుండెను. వారు 1968లో అద్దెదారుల సంఘమును స్థాపించుకొని, మేము ఇచ్చటనుండి కదలము అను మాటను తమ భాషలో నినాదముగా చేసికొనిరి. కాని వారు కదలమని ఊరకుండలేదు. వాస్తుశిల్పిని తోడు తెచ్చుకొని, తమ పేటకు తామే ప్లాను గీయించి, అధికారుల ముందుంచిరి. 1969లో ఆ స్థలమును పునర్నిర్మించు బాధ్యత ఆ సంఘమునకే లభించినది. నడుమ సభాస్థలముతో, నాలుగువందలకు పైగా ఇండ్లతో విలా విక్టోరియా అను పేట వెలసినది. వద్దు అనుటకంటె, ఇట్లు కావలెను అని కాగితముమీద చూపుట ఎక్కువ బలమైనదని వారు ఎఱుకపఱచిరి.

మూడవ కథ రాక్స్‌బరీలోని డడ్లీ వీథిది. వర్ణమునుబట్టి ఇండ్ల అమ్మకమునందును అద్దెయందును భేదము చూపరాదని 1968లోనే అమెరికాలో చట్టమైనది. కాని బ్యాంకులు అప్పీయని పేటలో, సొంతదారులు విడిచిపోయిన పేటలో, చట్టమొక్కటే ఇల్లు కట్టలేదు గదా! భీమాసొమ్ముకై పలువురు తమ యిండ్లను తామే తగులబెట్టించిరి. 1980 ప్రాంతమునకు ఆ పేటలో సుమారు 1,300 స్థలములు బీడుపడినవి. నగరపు చెత్తయంతయు దొంగతనముగా తెచ్చి అచ్చట పాఱవేయుచుండిరి.

1984లో ఒక ధర్మసంస్థయు, పేటలోని సేవాసంస్థలును కలిసి ఉద్ధరణకు పూనుకొని, పిమ్మట పాలకవర్గమును ప్రతిపాదించి, సభ జరిపిరి. పేటవారు లేచి, మీలో ఈ పేటలో కాపురముండువారు ఎందఱని ప్రశ్నించిరి. జవాబు చెప్పుట కష్టమైనది. పెద్దలు కోపగింపక, పాలకవర్గమును మార్చి, పేటవారికే ఎక్కువ స్థానము లిచ్చిరి. నల్లవారు, కేప్‌వెర్డీ ద్వీపవాసులు, స్పానిషుభాషవారు, తెల్లవారు - ఈ నాలుగు తెగలకును సమానముగా స్థానములు ఏర్పఱచిరి. పిమ్మట 1986లో చెత్తపై పోరాడిరి. ఇది చిన్నపని వలె కనబడును. కాని కంటికి కనబడు గెలుపు లేనిదే ప్రజలు రెండవ సభకు రారు.

పేటవారే 1987లో సమగ్రమైన ప్లాను వ్రాయించుకొనిరి. చిక్కు ఒక్కటి మిగిలినది. బీడుస్థలములు కొన్ని నగరమువి. కొన్ని ఎందఱో పరోక్షపు సొంతదారులవి. చెల్లాచెదరుగా నున్న ఈ ముక్కలలో ఇండ్లు వరుసగా కట్టుట యెట్లు? 1988లో బోస్టను పునర్నిర్మాణ సంస్థ ఆశ్చర్యకరమైన నిర్ణయము చేసినది. వెస్ట్ ఎండ్‌ను కూల్చిన బలవంతపు భూసేకరణాధికారమునే, బీడుస్థలముల మట్టుకు, ఈ పేటవారి సంస్థ చేతిలో పెట్టినది. కత్తి యదియే, పట్టిన చేయి మాఱినది. కాపురమున్న యింటిని వారు ముట్టలేదు.

ఇట్లు సంపాదించిన నేలను వారు అమ్మలేదు. ఒక భూమి ట్రస్టు క్రింద ఉంచిరి. దాని పద్ధతి యిది. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబముది. నేలకు చిరకాలపు లీజు ఉండును; కుటుంబము తరతరములు ఉండవచ్చును. ఇల్లు అమ్మదలచినయెడల పెట్టినసొమ్మును, నిర్ణీతమైన కొంత పెరుగుదలను పుచ్చుకొని, మఱొక సామాన్యకుటుంబమునకే అమ్మవలెను. అందువలన పేట బాగుపడి నేలవెల పెరిగినను, ఆ పెరుగుదల పేదవానిని తరుమదు. అట్టి ఇండ్లు రెండువందలకు పైగా అచ్చట వెలసినవి.

ఈ ట్రస్టు పద్ధతికి మన తెలుగునేలతో సంబంధము కలదు. 1951 ఏప్రిలు 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు వినోబాభావేగారిని భూమి అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములిచ్చిరి. ఆ భూదానమునుండి గ్రామదానము పుట్టినది. అనగా ఊరి నేల ఊరివారి ఉమ్మడిసొత్తు. ఆ భావముచే ఆకర్షింపబడిన రాబర్ట్ స్వాన్, ఆయన సహచరులును 1969లో జార్జియా రాష్ట్రమున నల్లజాతి రైతుల కొఱకు న్యూ కమ్యూనిటీస్ అను మొదటి భూమి ట్రస్టును స్థాపించిరి. పోచంపల్లిలో మొలిచిన విత్తనము అట్లు దేశములు దాటినది.

మన దేశమున 1985లో సుప్రీముకోర్టు, బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యములో, జీవించుహక్కునందు జీవనోపాధిహక్కు ఇమిడియున్నదని చెప్పినది. అయినను నోటీసుపై ఖాళీచేయించుటను పూర్తిగా వారింపలేదు. 2013 నాటి భూసేకరణ చట్టము, సేకరణకు ముందు దాని సామాజిక ఫలితమును విచారింపవలెనని విధించినది. చట్టములు ద్వారము తెఱచును; నడచి లోనికి పోవలసినవారు ప్రజలే.

కావున మీ పట్టణమున పేటను బాగుచేయు ప్లాను వచ్చినప్పుడు, దానిని వెంటనే దూషింపవలదు, వెంటనే మెచ్చుకొననువలదు. నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇప్పుడున్న కుటుంబములు ఎన్ని, వానిలో అద్దెకున్నవి ఎన్ని? పని జరుగుకాలమున వారు ఎచ్చట నుందురు? తిరిగివచ్చునాటికి అద్దె యెంత యుండును? నిర్ణయించు సభలో పేటవారు ఎందఱు? ఈ ప్రశ్నలకు జవాబు ప్లానులో వ్రాతగా నున్నయెడల అది పునర్నిర్మాణము. లేనియెడల అది ఉద్వాసన మాత్రమే. అడుగవలసిన కాలము ప్లాను ప్రకటింపబడిన దినము. నోటీసు తలుపుకు అంటించిన దినము కాదు. వెస్ట్ ఎండ్ వారు మనకు నేర్పిన పాఠ మిదియే.