అండములను దాచుకొనుట: తెలిసికొనవలసిన సంగతులు

విజయవాడలో గవర్నర్‌పేట, సూర్యారావుపేట ప్రాంతములకు వైద్యము కొరకు పోవు సోదరీమణులకు సంతాన సాఫల్య కేంద్రమను మాట కొత్తది కాదు. బిడ్డలు కలుగనివారే అట్టి చోటులకు పోవుదురని మనవారి తలంపు. కాని నేడు వివాహము కానివారును, బిడ్డలను గూర్చి యింకను తలపెట్టనివారును వైద్యులను సంప్రదించుచున్నారు. తమ అండములను శీతలపరచి, కావలసిననాడు వాడుకొనుటకై దాచుకొనుటయే వారి యుద్దేశము. దీనినే ఎగ్ ఫ్రీజింగు అందురు. 2025 నవంబరులో శ్రీమతి ఉపాసన కొణిదెల హైదరాబాదు ఐ.ఐ.టి. విద్యార్థులతో మాటలాడుచు, స్త్రీలు అండములను దాచుకొనుట మేలని చెప్పగా వాదప్రతివాదములు చెలరేగినవి. మంచిచెడ్డలు నిర్ణయించుటకు ముందు విషయమెట్టిదో తెలిసికొనుట యుక్తము.

ఆడుశిశువు తన అండముల నన్నిటిని వెంటగొనియే పుట్టును. అవి పుట్టుకనాటికి 10 లక్షలు మొదలు 20 లక్షల వరకుండి, రజస్వల యగునాటికి 3, 4 లక్షలు మిగులును. జీవితకాలమున నెలనెల విడుదల యగునవి 400, 500 మాత్రమే. తక్కినవి తమంతట క్షీణించును, కొత్తవి పుట్టవు. 35 ఏండ్లు దాటినపిమ్మట అండముల సంఖ్యయు సత్తువయు వేగముగ తగ్గును, గర్భస్రావములు హెచ్చును.

గర్భాశయము అంత త్వరగ ముదియదు. 2019 సెప్టెంబరులో మన పొరుగున గుంటూరులో డెబ్బది యేండ్లు దాటిన యొక స్త్రీ కవలలను కనినది. ఆమెకు వాడిన అండములు వేరొక స్త్రీ దానమిచ్చినవి. ఆ వయస్సున గర్భము ప్రాణాపాయకరమని పలువురు వైద్యులు ఆక్షేపించిరి. 2021లో వచ్చిన చట్టము ఇట్టి చికిత్సలకు స్త్రీ వయస్సు 21 దాటి 50 లోపు ఉండవలెనని కట్టడి చేసినది. అండము లేతదైనచో గర్భము నిలువవచ్చును గాని, మోయు దేహమునకును ఒక హద్దు గలదని దీనివలన తేలుచున్నది.

ఇక పద్ధతిని చూతము. మొదట రక్తపరీక్షచేతను స్కానింగుచేతను అండముల నిలువను అంచనా వేయుదురు. పిమ్మట సుమారు పది పన్నెండు దినములు హార్మోను సూదిమందు లిత్తురు. ప్రతినెల అనేకాండములు ఎదుగ నారంభించినను సాధారణముగ ఒక్కటే పక్వమై తక్కినవి నశించును. ఈ మందులు అట్లు నశింపవలసినవానిని గూడ పక్వము చేయును. కావున ముందుముందు వాడవలసిన నిధి తరిగిపోవునను భయమునకు తావు లేదు. తుది సూదిమందిచ్చిన 34 మొదలు 36 గంటలకు, మత్తునిచ్చి, యోనిమార్గమున సన్నని సూదితో అండములను వెలికి తీయుదురు. ఈ పని అరగంటలో ముగియును. సాధారణముగ ఆనాడే యింటికి పోవచ్చును.

ఆవకాయ జాడీలో నీటిచుక్క పడకుండ మనమెంత జాగ్రత్తపడుదుము! ఇచ్చటను నీరే శత్రువు. అండమునందు నీరు హెచ్చు. మెల్లగా గడ్డకట్టినచో ఆ నీరు మంచుపలుకులై అండమును చీల్చును. 1986లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ చెన్ అను వైద్యుడు శీతలపరచిన అండముతో గర్భము నిలిపినను, ఈ చిక్కువలన చాలకాలము ఫలితములు స్వల్పముగనే యుండెను. తరువాత విట్రిఫికేషను అను పద్ధతి వచ్చినది. అండమునుండి నీటిని తొలగించి, రక్షక ద్రవమును నింపి, మంచు ఏర్పడుటకు వ్యవధి లేనంత వేగముగ చల్లబరచగా అది గాజువలె బిగియును. పిమ్మట మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరతురు. 2012లో అమెరికా దేశపు సంతాన వైద్య సంఘము ఈ పని ఇక ప్రయోగదశలోనిది కాదని ప్రకటించినది.

కావలసినప్పుడు అండమును కరగించి, దానిలోనికి ఒక వీర్యకణమును సూదితో ప్రవేశపెట్టి, ఏర్పడిన పిండమును కొన్నిదినములు పెంచి గర్భాశయమున నుంతురు. కాని గాదెలోని విత్తనపు వడ్లు పంట కావు. కొన్ని అండములు కరగునపుడే చెడును; కొన్ని పిండములు కావు; కొన్ని పిండములు నిలువవు. అందుచేతనే 35 లోపు వారికి గూడ పది మొదలు ఇరువది అండములు దాచుట మంచిదందురు. ఒక్క పర్యాయము చాలకపోవచ్చును. వ్యయము లక్షకు పైబడుట కలదు. ఏటేట నిలువ రుసుము వేరు. మందులవలన అరుదుగ అండాశయములు వాచి, కడుపున నీరుచేరి ఆస్పత్రిలో నుండవలసివచ్చును. దాచుకొన్నవారిలో వానిని తిరిగి వాడుకొననివారే యెక్కువ.

అయినను ఒక సందర్భమున ఈ పద్ధతి పెన్నిధి వంటిది. క్యాన్సరునకిచ్చు మందులు, కిరణచికిత్స అండాశయములను నాశనము చేయగలవు. పడుచు పిల్లకు ఆ రోగము తెలిసినప్పుడు ఇంటివారు ప్రాణమును గూర్చియే తలంతురు గాని బిడ్డల మాట యెత్తరు. తరువాత అడిగిన ఫలముండదు. చికిత్సకు ముందు సుమారు రెండువారములు దొరకినచో అండములను దాచవచ్చును. కొన్ని వ్యాధులలో అంత వ్యవధి యుండదు. ఆ నిర్ణయము వైద్యునిదే. అడుగుట మాత్రము మన విధి.

కావున తల్లులారా, మీ యింట చదువుకొను కూతురో కోడలో ఈ మాట యెత్తినచో కసరకుడు, తొందరపెట్టకుడు. చట్టప్రకారము నమోదైన కేంద్రమునకు తోడుగా పొండు. ఈ వయస్సున ఎన్ని అండములు రావచ్చునో, మీ కేంద్రమున కరగించినవానిలో ఎన్ని బిడ్డలైనవో, మొత్తము వ్యయమెంతయో వ్రాతమూలముగ అడుగుడు. సమాధానములు చేతికందిన పిమ్మట నిర్ణయము ఆ పిల్లకే విడిచిపెట్టుడు.