సరాయి నుండి బొటిక్ హోటలు వరకు

చారిత్రక నగరాన్ని దర్శించబోయే బాటసారికి మొదట తోచే ప్రశ్న కోటలను గురించినది కాదు. రాత్రికి తల దాచుకొను చోటును గురించినది. ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క రీతిగా సమాధానం చెప్పినది. పాశ్చాత్య దేశాలలో గత నాలుగైదు దశాబ్దాలుగా వాడుకలోనికి వచ్చిన సమాధానం ‘బొటిక్ హోటలు’. బొటిక్ అనగా ఫ్రెంచి భాషలో చిన్న దుకాణం. గదులు కొద్దిగా ఉండి, ప్రతి గదికీ తనదైన అలంకరణ ఉండి, అతిథిని పేరు పెట్టి పలుకరించు విడిదికి ఈ పేరు స్థిరపడినది. లండనులో 1978లో తెరచిన బ్లేక్స్, న్యూయార్కులో 1984లో తెరచిన మోర్గన్స్ ఈ కోవలో తొలినాటివి. స్కాట్లండులోని ఎడింబరో వంటి పురాతన నగరాలలో పాత రాతి మేడలే ఇట్టి హోటళ్ళుగా మారినవి. అక్కడ అతిథి గదికి మాత్రమే కాదు, గోడల వెనుకనున్న చరిత్రకు కూడా రుసుము చెల్లించుచున్నాడు.

మనకు ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. తెలుగులో సత్రం, చావడి, పూటకూళ్ళ ఇల్లు అను మాటలున్నవి. ఉర్దూలో సరాయి, ముసాఫిర్‌ఖానా ఉన్నవి. కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లో ఒక రూకకు కమ్మని భోజనం పెట్టు పూటకూటి ఇంటి ప్రస్తావన కలదు. ఇక ‘సరాయి’ చరిత్ర మరింత వింతైనది. పారశీకంలో ఆ మాటకు భవనమనీ, రాజప్రాసాదమనీ అర్థం. రాజుల ఇంటి పేరు మెల్లగా బాటసారుల ఇంటికి దిగివచ్చినది!

గోల్కొండ రాజ్యంలో సరాయి లేనిదే వర్తకం లేదు. వజ్రాలు, వస్త్రాలు మోసుకొని మచిలీపట్నం రేవుకు పోవు బిడారులు దారిలో ఆగవలసి ఉండెడిది. నేటి హైదరాబాదులోని కార్వాన్ పేటకు ఆ పేరు వచ్చినది ఆ బిడారుల వల్లనే. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికులు తావెర్నియే, తెవెనోలు తమ గ్రంథాలలో ఈ నగరపు సరాయిలను ప్రస్తావించినారు. సరాయి కట్టడంలోనే దాని ధర్మం కనిపించును. ఒకే పెద్ద ద్వారం, నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ గదులు, నీటికి బావి, ప్రక్కనే మసీదు. రాత్రి ద్వారం మూసిన పిమ్మట సరకుకూ మనిషికీ కూడా రక్షణ. హయత్ బక్షీ బేగం పేర వెలసిన హయత్‌నగర్‌లో మసీదు ముంగిలి చుట్టూ వరుసగా సరాయి గదులను నేటికీ చూడవచ్చును. సమీపంలోనే హాథీ బావి ఉన్నది.

మా మోకిల ప్రాంతం వారికి అంతకంటె దగ్గరది షేక్‌పేట సరాయి. కోకాపేట, నార్సింగి మీదుగా నగరానికి పోవువారిలో ఎందరు దానిని చూచి ఉందురో సందేహమే. కుతుబ్‌షాహీల కాలపు రెండంతస్తుల కట్టడమది. సుమారు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు అందులో ఏర్పరచినారు. పశువుకు కూడా గది లెక్కించిన ఆనాటి నిర్మాతల ఆలోచన మాకు మిక్కిలి నచ్చినది.

రైలు వచ్చిన తరువాత బిడారులు పోయినవి గాని బాటసారి పోలేదు. అందుచేతనే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1919లో, నాంపల్లి రైలు స్టేషను చేరువలో సరాయి వెలసినది. జిల్లాల నుండి వచ్చు సామాన్యునికి కులమత భేదం లేక అందమైన కట్టడంలో ఆశ్రయం దొరకుట దాని విశేషం. పేదవానికి ఇచ్చునది వికారంగా ఉన్నను ఫరవాలేదను భావం ఆ కమానులలో ఎక్కడా లేదు. తరువాతి దశాబ్దాలలో మాత్రం పోషణ కొరవడి అది శిథిలమైనది.

అదే నగరంలో మరొక కథ నడచినది. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఫలక్‌నుమా భవనం తరువాత ఆరవ నిజాం వశమై, ఆయన అతిథులకు విడిదియైనది. పెక్కేండ్ల పునరుద్ధరణ అనంతరం 2010లో తాజ్ సంస్థ ఆధ్వర్యాన 60 గదుల హోటలుగా తెరచుకొన్నది. 101 మంది ఒకే బల్ల వద్ద భుజించు భోజనశాల అక్కడ ఉన్నది. అంతటి భవనం నశించకుండ నిలిచినందుకు సంతోషమే. హోటలు కాకపోయినచో దానికి ఏ గతి పట్టెడిదో ఊహించుట కష్టం కాదు. అయినను ఒక సంగతి గమనింపదగినది. పూర్వం ప్రాసాదమను మాట బాటసారి గదికి వచ్చినది; నేడు ప్రాసాదమే బాటసారి గదియైనది, కాని ఆ బాటసారి సంపన్నుడై ఉండవలెను.

చేవెళ్ళ, మొయినాబాదు గ్రామాల నుండి పరీక్షకో, వైద్యానికో నగరం చేరి చివరి బస్సు తప్పిపోయినవారు నేటికీ ఉన్నారు. పెద్దాసుపత్రుల వాకిళ్ళలో రోగుల బంధువులు దుప్పటి పరచుకొని పడుకొనుట అందరమూ చూచినదే. పాత కట్టడాలను బాగుచేయునప్పుడు వాటిని దేనికి ఉపయోగింపవలెనను చర్చ తప్పక వచ్చును. ప్రదర్శనశాల, ఫలహారశాల, బొటిక్ హోటలు అని మూడు సూచనలు సాధారణంగా వినవచ్చును. షేక్‌పేట విషయంలో మా సూచన నాల్గవది: పై అంతస్తులో కొన్ని గదులనైనను విద్యార్థులకు, రోగుల వెంట వచ్చువారికి స్వల్ప రుసుముపై ఇవ్వవలెను. అందుకు కొత్త పేరు వెదకనక్కర లేదు. సరాయి అను పేరే చాలును.