రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు

పాలప్యాకెట్టు కోసం రోడ్డు దాటుతున్న ఇల్లాలిని కారు గుద్దేసింది అనుకోండి. కాలు విరిగింది. మర్నాటికల్లా కారువారి తరఫు పెద్దమనిషి ఆసుపత్రికి వస్తాడు. "ఏదో జరిగిపోయిందమ్మా, ఈ ఇరవైవేలు ఉంచండి, ఇక్కడో సంతకం పెట్టండి" అంటాడు. ఇంట్లోవాళ్లు కూడా, "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు, పుచ్చేసుకో" అంటారు.

సోదరీమణులారా, తొందరపడకండి. రాజీ తప్పని నేననను. కట్టు విప్పకముందే బేరం తెంచుకోవడం తప్పంటాను. ఎముక సరిగా అతికిందో లేదో, మళ్లీ ఆపరేషను కావాలో ఏమో తేలకుండా నష్టం ఎంతని చెబుతాం?

ముందు పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి. మందుల చీటీలు, బిల్లులు, ఎక్స్‌రేలు, ఆటో ఖర్చులతో సహా ఒక సంచిలో దాచండి. అవే మీకు సాక్షులు.

ఇక లెక్క. అయిన వైద్యం, ఇకముందు కావలసిన వైద్యం, పోయిన సంపాదన, పెట్టుకున్న పనిమనిషి జీతం, పడిన బాధ, అన్నీ ఇందులోకి వస్తాయి. "ఇంట్లో ఉండే ఆవిడకి సంపాదనేమిటి?" అంటారేమో! ఇల్లాలి చాకిరీకీ విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2001లోనూ, 2021లోనూ చెప్పింది. డాక్టరు రాసే అంగవైకల్యం శాతమే సంపాదన నష్టం కాదనీ 2010లో వివరించింది. కాలు వంగకపోతే గుమాస్తాకి కలిగే నష్టం వేరు, కుట్టుమిషను తొక్కి బతికే ఆమెకి కలిగే నష్టం వేరు కదా!

మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరుండే ఊరు ఏ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తుందో అక్కడే పెట్టవచ్చు. చట్టాన్ని 2019లో సవరించారు. ఆ మార్పులు 2022 ఏప్రిల్ నుంచి అమలుకొచ్చాయి. అర్జీకి ఆరు నెలల గడువు పెట్టారు గనుక ఆలస్యం చేయకండి. ఇన్సూరెన్సు కంపెనీ కూడా ముప్పై రోజుల్లో ఇంత ఇస్తామని ట్రిబ్యునల్ ముందు చెప్పాలి. నచ్చితే ఒప్పుకోండి. నచ్చకపోతే విచారణ సాగుతుంది.

లోక్ అదాలత్‌లో కూడా రాజీపడవచ్చు. ఖర్చుండదు, త్వరగా తేలుతుంది. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. అందుకే ముందే మీ లెక్క చూపించి ప్లీడరు సలహా తీసుకోండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరుని ఇస్తుంది.

ఆ పెద్దమనిషి మళ్లీ వస్తే కాఫీ ఇవ్వండి. సంతకం మాత్రం లెక్క తేలాకే!