ఒంటికి పడని ఆహారము

శ్రీకాకుళము జిల్లాలోని పలాస జీడిపప్పునకు పేరుగన్నది. నువ్వులపొడి వేసి వండిన కూరలు శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారికి మిక్కిలి ప్రీతి. బలమునిచ్చు ఈ పదార్థములే కొందరు పసిపిల్లలకు ప్రాణాపాయము కలిగింపగలవు.

రోగక్రిముల నెదిరించు శక్తి శరీరమునకు కలదు. ఒక్కొక్కరిలో ఆ శక్తి, హానిచేయని ఆహారమునే శత్రువుగా భ్రమించి తిరుగబడును. మనవారు దీనిని ‘పడకపోవుట’ యందురు. 1906లో ఆస్ట్రియా వైద్యుడు పిర్కే ‘ఎలర్జీ’ అను మాట కల్పించెను. పడనిది తిన్నపుడు ఒడలిపై దద్దురులు లేచును, పెదవులు వాచును, వాంతులగును. ఊపిరాడనిచో క్షణమైనను జాగుచేయక 108కి ఫోను చేయవలెను. ఎడ్రినలిన్ సూదిమందే అప్పుడు ప్రాణరక్షకము.

ఏది పడదో వైద్యుడే తేల్చవలెను. ఊహించి పాలు, గ్రుడ్లు, చేపలు అన్నియు మాన్పించినచో బిడ్డ చిక్కిపోవును. కొంచెము పెట్టిన అలవాటగునని ఇంట పరీక్షించుటయు ప్రమాదమే.

నువ్వులు పడని బిడ్డ గల ఇంట రెండు వంటలు అక్కరలేదు. వంకాయకూర ఉడికిన పిమ్మట బిడ్డకు కావలసినది ముందుగా వేరొక గిన్నెలోనికి తీసి, తరువాతనే మిగిలిన కూరలో నువ్వులపొడి కలుపవలెను. ఆ గరిటెను ఈ గిన్నెలో ముంచరాదు. నువ్వులు నూరిన రోటిలో బిడ్డకు పచ్చడి నూరరాదు. రాతి గరుకులో పొడి నిలిచియుండును. నువ్వులనూనెయు నువ్వులతో సమానమే. చోడి అంబలి, పప్పు, మజ్జిగ అందరును కలిసి భుజింపవచ్చును.

పైడితల్లి జాతరకు వచ్చిన చుట్టములు ముద్దుతో మిఠాయి అందింతురు. ‘మా తమ్మునికి నువ్వులు పడవండీ’ అని అప్పుడు చెప్పవలసినది అన్నయో, అక్కయో. అడిగి పెట్టుటయే నిజమైన ఆదరణ.