మీ పార్కుకు మార్కులు వేయండి!



ఏటా మీరు పరీక్షలు రాస్తారు, మేం మార్కులు వేస్తాం. ఒక్కసారి మీ చేతికే ఎర్రసిరా కలం ఇచ్చి, "మీ పేటలోని పార్కుకు మార్కులు వేయండి" అంటే ఎలా వేస్తారు? ఉయ్యాల ఉంది, పది. జారుడుబల్ల ఉంది, పది. రంగులు బాగున్నాయి, మరో పది. ఇలాగే గదా!

మా హైస్కూలు పిల్లలూ అలాగే వేశారు. ఒక ఆదివారం నేనే వాళ్ళను హైదరాబాదులో మా బడి చుట్టుపక్కల ఉన్న నాలుగు పార్కులకు పంపాను. కొత్తగా రంగులు వేసిన ఒక పార్కుకు నూటికి 82 మార్కులు వచ్చాయి. ఆ కాగితాన్ని తరగతి గోడకు అంటించాం కూడా. సరిగ్గా మూడు వారాల తరువాత, అదే పార్కులో మూడో తరగతి చదివే పాప జారుడుబల్ల మెట్ల మీదనుంచి జారి కింద పడింది. మోచేతి దగ్గర ఎముక విరిగింది. ఆ పాప మా తొమ్మిదో తరగతి అబ్బాయికి చెల్లెలు. 82 వేసిన వాళ్ళలో ఆ అబ్బాయి ఒకడు.

మర్నాడు ఆ కాగితాన్ని గోడ మీదనుంచి తీసి నా బల్ల మీద పెట్టి, "మాస్టారూ, మనం ఏం చూడలేదు?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ మళ్ళీ అవే పార్కులకు వెళ్ళాం. ఈసారి వెంట స్కేలు, టేపు, సెకండ్ల ముల్లున్న గడియారం, థర్మామీటరు, రెండు అట్టముక్కలు తీసుకెళ్ళాం. మేం నేర్చుకున్నది మీకూ చెబుతాను. మీరూ చేయవచ్చు. కాని పెద్దవాళ్ళను తోడు తీసుకువెళ్ళాలి. ఎవరైనా ఊగుతున్నప్పుడు ఉయ్యాల దగ్గరకు పోకూడదు.

మొదటి పరీక్ష: నేలను పొడిచి చూడండి

పార్కుల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం కిందపడటం వల్లనే తగులుతాయి. కాబట్టి ముందు చూడవలసింది ఆట పరికరాన్ని కాదు, దాని కింద ఉన్న నేలను.

మీ జారుడుబల్ల పైమెట్టు 2 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. అక్కడినుంచి పడిన వస్తువు నేలను తాకేటప్పటికి దాని వేగం సెకండుకు సుమారు 6.3 మీటర్లు, అంటే గంటకు 22 కిలోమీటర్ల పైమాటే. సైకిలును గట్టిగా తొక్కితే వచ్చే వేగం అది. అయితే దెబ్బ తగిలేది వేగం వల్ల కాదు, ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోయిందన్న దాన్నిబట్టి. 2 మీటర్ల పొడవునా కూడగట్టుకున్న శక్తి 1 సెంటీమీటరులోనే ఖర్చయిపోవాలంటే, శరీరం మీద సగటున దాని బరువుకు దాదాపు 200 రెట్లు బలం పడుతుంది. అదే 10 సెంటీమీటర్లలో నెమ్మదిగా ఆగితే 20 రెట్లే. గట్టినేల మొదటి రకం, వదులు ఇసుక రెండో రకం. క్రికెట్లో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటారు చూశారా? అదీ ఇదే సూత్రం.

బాగా పండిన రెండు టమాటాలు తీసుకోండి. ఒకదాన్ని మీ తల ఎత్తునుంచి సిమెంటు గచ్చు మీద, మరొకదాన్ని అదే ఎత్తునుంచి లోతైన పొడి ఇసుక మీద వదలండి. తేడా మీకే తెలుస్తుంది.

"మరి ఆ పార్కులో జారుడుబల్ల కింద ఇసుక ఉంది గదా మాస్టారూ! అందుకే పదికి పది వేశాం" అన్నారు మా పిల్లలు. నిజమే, ఇసుక ఉంది. ఈసారి స్కేలు నిలువుగా గుచ్చి చూశాం. 3 సెంటీమీటర్లు దిగి ఆగిపోయింది. అడుగున ఉన్నది వానలకు తడిసి, వందల పాదాలు తొక్కి రాయిలా బిగిసిన నేల. ఇసుక కంటికి కనిపించింది గాని, పని చేసే మందం లేదు.

ఎంత మందం కావాలి? ఆటస్థలాల భద్రత గురించి అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 1981లో మొదటిసారి ఒక చిన్న పుస్తకం వేసింది. తరువాత దాన్ని సవరిస్తూ వచ్చారు. అందులోని లెక్క ప్రకారం 23 సెంటీమీటర్ల మందం ఇసుక 1.2 మీటర్ల ఎత్తునుంచి పడేవారికి సరిపోతుంది. అంతే మందాన చెక్కముక్కలు పరిస్తే 3 మీటర్ల దాకా సరిపోతాయి. అంటే ఇసుక కూడా అన్ని ఎత్తులకూ చాలదన్నమాట. ఎత్తు పెరిగినకొద్దీ మందం పెంచాలి, లేదా ఎత్తునే తగ్గించాలి. ఇసుకను అప్పుడప్పుడు పారతో తిరగవేసి వదులు చేయాలి కూడా.

రెండో పరీక్ష: గడియారంతో ఉయ్యాల ఎత్తు

ఉయ్యాల ముందూ వెనకా ఎంత ఖాళీ స్థలం ఉండాలి? ఉయ్యాల గొలుసు కట్టిన కడ్డీ నేలకు ఎంత ఎత్తున ఉందో, దానికి రెట్టింపు ముందు, రెట్టింపు వెనక ఖాళీ ఉంచాలని ఒక నియమం. మరి కడ్డీ ఎత్తు కొలవడానికి నిచ్చెన కావాలి గదా? అక్కరలేదు. మీ గడియారం చాలు.

ఖాళీ ఉయ్యాలను కొద్దిగా లాగి వదలండి. అది వెళ్ళి వచ్చిన 10 ఊపులకు ఎన్ని సెకండ్లు పట్టిందో చూడండి. 30 సెకండ్లు పట్టిందనుకోండి. ఒక ఊపుకు 3 సెకండ్లు. ఆ 3ని 3తో గుణించి 4తో భాగించండి. 2.25 వచ్చింది. ఇంచుమించుగా గొలుసు పొడవు 2.25 మీటర్లు! లోలకం సూత్రాన్ని మన గురుత్వాకర్షణకు సరిపెట్టి చూస్తే వచ్చే సులువైన లెక్క ఇది. ఉయ్యాల పీట నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, కడ్డీ ఎత్తు 2.7 మీటర్లు. కాబట్టి ముందు 5.4 మీటర్లు, వెనక 5.4 మీటర్లు ఖాళీ ఉండాలి. మేం చూసిన ఒక పార్కులో ఉయ్యాలకు 2 మీటర్ల దూరంలోనే సిమెంటు బెంచీ ఉంది!

పీటను కూడా చూడండి. మీటరు ఎత్తుకు ఊగిన ఉయ్యాల కిందికి వచ్చేటప్పటికి గంటకు 16 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతో ఇనప పీటగాని, దళసరి చెక్కగాని అటుగా పరుగెత్తుకొచ్చిన చిన్నవాడి తలకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వంగే రబ్బరు పట్టీ పీట మేలు.

మూడో పరీక్ష: సూర్యుడు ఏ వైపున?

మే నెలలో రేకు జారుడుబల్ల మీద కూర్చున్నారా ఎప్పుడైనా? పక్కనే ఎండలో ఉన్న చెక్క బెంచీ అంతగా కాలదు, రేకు మాత్రం చుర్రుమంటుంది. లోహం ఉత్తమ వాహకం కాబట్టి తన వేడిని మన చర్మానికి చాలా త్వరగా అందిస్తుంది. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కిన రేకు కొద్ది సెకండ్లలోనే చర్మాన్ని కాల్చగలదు. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బడి ప్రయోగశాలలో ఎర్రని ద్రవం ఉన్న థర్మామీటరు అడిగి తీసుకోండి. దాని బుడ్డిని రేకుకు ఆనించి, పైన మడతపెట్టిన గుడ్డ కప్పి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. ప్లాస్టిక్ బల్లను, నల్లని రబ్బరు పరుపును కూడా వదలకండి. ఎండలో అవీ తక్కువేం కాదు.

జారుడుబల్ల ఉత్తరం వైపుకు వాలి ఉండాలని పుస్తకాల్లో రాస్తారు. అక్కడివాళ్ళకు మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు, అందుకని. ఢిల్లీకి కూడా ఇది సరిపోతుంది. కాని మనకో? హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ రోజు నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. అప్పటినుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపునే! అంటే మంచి ఎండాకాలంలో, బడులకు సెలవులిచ్చిన రోజుల్లో, ఆ సలహా మనకు పనిచేయదు. ఇక సాయంత్రం నాలుగింటికి, మీరు పార్కుకు చేరే వేళకు, ఎండ పడమటినుంచి ఏటవాలుగా కొడుతుంది. కాబట్టి మన ఊళ్ళలో చూడవలసింది బల్ల దిక్కు కాదు, దానికి పడమటి వైపున ఒక మంచి వేపచెట్టో కానుగచెట్టో ఉందా లేదా అని. పరాయి పుస్తకంలోని నియమాన్ని మన ఆకాశం కింద పెట్టి సరిచూసుకోవడం కూడా సైన్సే.

నాలుగో పరీక్ష: రెండు అట్టముక్కలు

దళసరి అట్ట తీసుకుని 9 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు గల ఒక ముక్క కత్తిరించండి. 23 సెంటీమీటర్ల వ్యాసంతో ఒక గుండ్రటి ముక్క కత్తిరించండి. మొదటిది చిన్నపిల్లవాడి మొండెం అనుకోండి, రెండోది తల.

ఎత్తైన పరికరాల కటకటాల మధ్య, మెట్ల మధ్య ఉన్న సందుల్లో వీటిని దూర్చి చూడండి. చిన్నముక్క దూరకపోతే భయం లేదు. రెండూ దూరినా తల ఇరుక్కోదు. చిన్నముక్క దూరి, గుండ్రటిది దూరకపోతేనే ప్రమాదం. పసివాడి కాళ్ళు, మొండెం సందులోనుంచి జారిపోతాయి, తల మాత్రం ఇరుక్కుని వేలాడతాడు. చూడటానికి ఎంతో చిన్న సందు, కాని అన్నిటికంటే చెడ్డది.

చున్నీలు, లంగా అంచులు పట్టేసే బోల్టులు, పైకి లేచిన మేకులు కూడా వెతకండి. ఆడే ముందు చున్నీ తీసి పక్కన పెట్టమని చెల్లెళ్ళకు చెప్పండి.

ఐదో పరీక్ష: ఎవరు రాలేదు?

ఇది కొలబద్దతో కొలిచేది కాదు, లెక్కపెట్టేది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, సెలవురోజు ఒకసారి వెళ్ళి ఒక అరగంట కూర్చోండి. ఆడుకునేవారిలో మగపిల్లలెందరు? ఆడపిల్లలెందరు? ఐదేళ్ళలోపు వారెందరు? కర్ర ఊతంతో నడిచేవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు ఉన్నారా? ఒక్క పూట చూసి రాస్తే లెక్క తప్పుతుంది. మా నాలుగు పార్కుల్లో ఒకదానిలో చీకటి పడకముందే ఆడపిల్లలు ఇంటిదారి పట్టడం గమనించాం. అక్కడ దీపాలు లేవు. మరోదాని గేటు దగ్గర మూడు మెట్లున్నాయి. చక్రాల కుర్చీకి ఆ మూడు మెట్లూ మూసిన తలుపుతో సమానం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆడుకోవడం పిల్లల హక్కని చెబుతుంది. మన దేశం 1992లో అందులో చేరింది. పిల్లలంటే అందరు పిల్లలూ అని గదా అర్థం!

ఇక మార్కులు

ఇప్పుడు మా మొదటి తప్పు ఏమిటో చూడండి. అన్ని మార్కులూ కలిపి మొత్తం కట్టాం. రంగులకు వచ్చిన పది, పూలమొక్కలకు వచ్చిన పది, గట్టినేల చేసిన తప్పును కప్పేశాయి. తెలుగులో 95 వచ్చినవాడు లెక్కల్లో 20 తెచ్చుకుంటే పాసయినట్లా? కాదు గదా! అలాగే నేల, ఉయ్యాల, వేడి, సందులు ఈ నాలుగూ తప్పనిసరి సబ్జెక్టులు. ఏ ఒక్కటి తప్పినా ఆ పార్కు తప్పినట్లే. మిగతావాటి మార్కులు ఆ తరువాతి మాట. ప్రతి కొలతా మూడుసార్లు తీయండి. ఇద్దరు విడివిడిగా రాసి, తరువాత పోల్చుకోండి.

రెండోసారి పరీక్షలో మా నాలుగు పార్కులూ తప్పాయి. 82 వచ్చినదీ తప్పింది.

అలాగని ఎత్తైనవన్నీ పీకేయమని కాదు నా ఉద్దేశం. ఎక్కడం, వేలాడటం, కాస్త భయపడటం, ఆ భయాన్ని దాటడం ఎదిగే పిల్లలకు కావాలి. మెట్టు ఎత్తు పిల్లవాడికి కనిపిస్తుంది. ఎక్కగలనో లేదో వాడే తేల్చుకుంటాడు. ఇసుక కింది గట్టినేల, తల పట్టే సందు వాడికి కనిపించవు. కనిపించని ప్రమాదాన్ని తొలగించడం పెద్దల పని.

మా పిల్లలు కొలతలన్నీ ఒక పట్టికగా రాసి, పార్కులు చూసే కార్యాలయానికి ఇచ్చారు. "పార్కు బాగోలేదు" అని రాయలేదు. "జారుడుబల్ల ఎత్తు 2 మీటర్లు, కింద ఇసుక 3 సెంటీమీటర్లు" అని రాశారు. ఫిర్యాదును పక్కన పెట్టవచ్చుగాని, కొలతకు జవాబు చెప్పాలి. రెండు నెలలకు లారీతో ఇసుక వచ్చింది. ఎత్తైన జారుడుబల్ల స్థానంలో పొట్టిది పెట్టి, మెట్లకు కటకటాలు బిగించారు. బెంచీ మాత్రం ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ రాశాం.

చెయ్యి విరిగిన పాప కట్టు విప్పాక మళ్ళీ ఆ పార్కుకే వస్తోంది. జారుడుబల్ల ఎక్కే ముందు వంగి, ఒక పుల్ల తీసుకుని ఇసుకలో గుచ్చి చూసుకుంటుంది. అన్నయ్య నేర్పాడట.

వచ్చే ఆదివారం మీరూ ఒక స్కేలు తీసుకుని బయలుదేరండి.